పట్టికలో దౌత్యం

2013లో స్వీడనులో తయారై వెలువడిన ‘యూరోపా యూనివర్సాలిస్’ నాల్గవ ఆట 1444 నవంబరు 11న మొదలవుతుంది. నేను విజయనగరం పక్షం వహిస్తాను. పొరుగు రాజుల బుర్రలన్నీ కంప్యూటరువే. రాయబారిని పంపితే వారి అభిమానం అంకెల్లో మెల్లగా పెరుగుతుంది. సీమలను కబళిస్తూ పోతే దురాక్రమణ లెక్క పెరిగి ఇరుగుపొరుగు జట్టు కడతారు. బతిమాలినా, బెదిరించినా పట్టికకు ఆవల మాట లేదు. ఇదీ నా విసుగు.

విజయనగరపు అసలు దౌత్యం ఇంత పొడిగా సాగలేదు. అన్న జంషీదుకు భయపడి 1543లో పారిపోయి వచ్చిన ఇబ్రహీం కుతుబ్‌షా అక్కడ ఏడేళ్ళు తలదాచుకున్నాడు. తర్వాత గోల్కొండ గద్దెనెక్కి, తెలుగు కవుల చేత మల్కిభరాముడనిపించుకున్నాడు. 1565లో ఆశ్రయమిచ్చిన రామరాయల మీదికే దండెత్తాడు. కృతఘ్నుడని ఒక్క మాటలో తేల్చేవారూ ఉన్నారు. కాని అంతకు ముందే రామరాయలు అతని ఘనపురం, పానగల్లు కోటలు ఊడబెరుక్కున్నాడు. కంప్యూటరైతే ఆశ్రయానికి కొంత కలిపి, కోటలకు ఎక్కువ తీసేసి, యుద్ధమనే చెబుతుంది. జవాబు సరైనదే! అయితే ఒకే మనిషిలో ఋణమూ పగా కలిసి బతికిన సంగతి ఆ కూడికలో కనబడదు. ఆ కోటల కింద శిస్తు కట్టిన రైతుకు దౌత్యపు పట్టికలో గడే లేదు.

ఇబ్రహీం ఎందుకు తిరగబడ్డాడని అడిగితే, ఈ ఆటలో ఆరితేరిన నా విద్యార్థి ఒకడు, “అభిమానం అంకె పడిపోయింది మాస్టారూ” అన్నాడు.