బాలానగరమున నాఁగిన యిల్లుబండి

భాగ్యనగరమునకు వాయవ్యమున నున్న బాలానగరము యంత్రములయూరు. పనిముట్ల రూపకల్పన నేర్పు కేంద్రసంస్థ యిచ్చట 1968లో నెలకొన్నది. 2021లోఁ దెఱచిన పైవంతెనమీఁద బండ్లు పరుగిడుచుండ, ప్రక్కసందులలో లోహపుమ్రోత యెడతెగకున్నది.

బంధువుల యిల్లుబండిలో, అనఁగా కారవానులో, యాత్రకు బయలుదేఱిన మేము రాత్రి యిచ్చట నిలిచితిమి. ఎగుడుదిగుడు నేలపై మంచములు వాలకుండ నాలుగు జాకీకాళ్లు బండిని సమముగా మోయును. తెల్లవాఱి చూడఁగా నవి పైకి ముడుచుకొనవు. కాళ్లు నేలనుండఁగా బండిని కదల్చిన నవి విఱుగును. సోదరీమణులారా, వృద్ధురాలైన అత్తగారితో వీథిని నిలిచిన మా తొందర మీకుఁ జెప్పవలయునా?

పిలిపించిన మేస్త్రీ బ్యాటరీకి మీటరు పెట్టెను. ఊరక యున్నపుడు 12.5 వోల్టులు, జాకీమీట నొక్కఁగానే 10కి దిగిపోయెను. "పనిలేనపు డందఱును బలవంతులే" యని అత్తగా రనిరి! ఆ మాటలోనే శాస్త్రమున్నది. జాకీమోటారు మిక్కిలి విద్యుత్తును లాగును. దారిలో నడ్డు కొంచెమున్నను వోల్టేజి పడిపోవును; పడిపోఁగానే జాకీల నడపు పెట్టె తనంతఁ బని మానును.

ఆ యడ్డు ధ్రువములపైఁ దెల్లగఁ బేరుకొన్న చిలుమే. మేస్త్రీ చేతొడుగులు వేసికొని, ముందుగా ఋణధ్రువపుఁ దీఁగెను విప్పి, వంటసోడా కలిపిన నీటితో నంతయుఁ గడిగెను. ఆ నీరు బ్యాటరీలోనికిఁ బోరాదు. పోయిన లోపలి యామ్లము చెడును. తుడిచి, బిగించి, ఋణపుఁ దీఁగెను కడపటఁ దగిల్చెను. ఇంజను నడపఁగా మీటరు 14 వోల్టులు చూపెను. కాళ్లు నాలుగును ముడుచుకొనెను. వంటసోడా మా డబ్బాలోనిదే.