పుట్టింటికి వచ్చిన వయొలిన్లు

ఎలక్ట్రానిక్ డాన్స్ పాటకి నలభై వయొలిన్లు తోడవగానే ‘ఇదిగో, ఇప్పుడు సంగీతమైంది’ అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట అనేది సంగీతం తెలియనివాళ్లు కూడా కాదు. సభలకి క్రమం తప్పకుండా వెళ్లేవాళ్లు, రెండు స్వరాలు వినగానే రాగం పేరు చెప్పేసేవాళ్లు. మరి అంతకుముందు అదేమిటట? ఉత్త చప్పుడా? నల్లకోటు వేసుకున్న వాద్యకారులు వచ్చి పక్కన కూర్చుంటే తప్ప దానికి పరువు దక్కదా?

ఈ మాట ఎక్కువగా వినపడేది 2015 జులై 29 రాత్రి లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో జరిగిన కచేరీ ప్రస్తావన వచ్చినప్పుడు. బీబీసీ ప్రామ్స్ ఉత్సవంలో భాగం అది. రేడియో డీజే పీట్ టాంగ్, జూల్స్ బక్లీ నడిపించిన హెరిటేజ్ ఆర్కెస్ట్రా కలిసి, స్పెయిన్‌కి చెందిన ఇబిజా ద్వీపంలో తరాల కుర్రకారుని తెల్లవార్లూ ఆడించిన క్లబ్బు పాటల్ని నిండు వాద్యబృందంతో వినిపించారు. హాలు హాలంతా లేచి ఆడింది. ఆ కలయిక మరుసటి ఏడు ‘క్లాసిక్ హౌస్’ పేరుతో ఆల్బమ్‌గా వచ్చి బ్రిటన్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. ప్రామ్స్‌లో ఇదేం విడ్డూరమని ముక్కున వేలేసుకున్నవాళ్లకి ఒక సంగతి గుర్తుచేయాలి. 1895లో మొదలైన ఆ ఉత్సవంలో చౌక టికెట్టు కొని నిలబడి వినడమే సంప్రదాయం. నిలబడ్డవాడి కాలు కదలడంలో వింతేముంది?

నిజానికి ఆ దారి లండన్ కంటే ముందే పడింది. డెట్రాయిట్ టెక్నో కళాకారుడు జెఫ్ మిల్స్ 2005లోనే ఫ్రాన్స్‌లో, రోమన్లు కట్టిన పాన్ దు గార్ కాలువ వంతెన దగ్గర, మాంపెలియే వాద్యబృందంతో కలిసి తన కూర్పులు వినిపించాడు. మిల్స్‌లాగే డెట్రాయిట్‌వాడైన కార్ల్ క్రెయిగ్ 2008లో పారిస్‌లో లే సియెక్ల్ బృందంతో కలిసి వేదికెక్కాడు. లండన్ తర్వాతా ఆ దారి ఆగలేదు. 1997లో మూతబడ్డ మాంచెస్టర్ క్లబ్బు హాసియెండా పాటల్ని 2016 నుంచి మాంచెస్టర్ కెమెరాటా బృందం ఊరూరా మోగిస్తోంది.

అసలు కథ తెలిస్తే ‘ఇప్పుడు సంగీతమైంది’ అన్న మాట నోటివెంట రాదు. డాన్స్ పాటలోకి వయొలిన్లు దయతలచి దిగివచ్చిన పెద్దమనుషులు కావు, పుట్టింటికి తిరిగొచ్చిన ఆడపడుచులు. 1970లలో ఫిలడెల్ఫియాలోని సిగ్మా సౌండ్ స్టూడియోలో డాన్స్ పాట కట్టాలంటే తీగవాద్యాల వాళ్లూ ఊదే వాద్యాల వాళ్లూ వచ్చి కూర్చుని వాయించాల్సిందే. ఎర్ల్ యంగ్ అనే డ్రమ్మరు ప్రతి మాత్రకీ కిక్ డ్రమ్ము దంచి ఒక నడక నిలబెడితే, ఆ నడక మీద వయొలిన్లు తేలిపోతుండేవి. ఇవాళ ఏ క్లబ్బులో విన్నా గుండెల్లో మోగే దెబ్బ ఆ నడకే. అదే డిస్కో. 1979 జులై 12న షికాగోలో ఒక బేస్‌బాల్ మైదానంలో డిస్కో అంటే గిట్టనివాళ్లు ఆ రికార్డుల్ని కుప్పపోసి పేల్చేశారు. రికార్డు కంపెనీలు చేతులు ముడుచుకున్నాయి. వాద్యబృందాలకి ఇచ్చే డబ్బు ఎండిపోయింది. ఆడాలన్న కోరిక మాత్రం ఎండిపోలేదు.

అదే షికాగోలో ఫ్రాంకీ నకల్స్ లాంటి డీజేలు పాత డిస్కో రికార్డులకి డ్రమ్ మెషీన్ దెబ్బ కలిపి జనాన్ని ఆడించారు. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్ అసలు డ్రమ్ములా మోగడం లేదని పేరున్నవాళ్లు చాలామంది దాన్ని పక్కన పడేశారు. దాంతో అది సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికింది. ముప్పై మంది వాద్యకారులకి డబ్బిచ్చే తాహతు లేని నల్లజాతి కుర్రాళ్లు అలాంటి యంత్రాలతో ఇంట్లోనే పాటలు కట్టారు. హౌస్ సంగీతం అలా పుట్టింది. ఆ వెనకే డెట్రాయిట్‌లో టెక్నో. వాళ్లు వయొలిన్లని మరిచిపోయారా అంటే, లేదు. 1987లో డెరిక్ మే చేసిన ‘స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్’ వినండి. అందులో బేస్ వరుసే లేదు. పియానో, దెబ్బ, వాటి మీద పొడిచి పొడిచి పలికే తీగల మోత. ఆ తీగలు యంత్రంలోవి, ఆ తపన మనిషిది. 1991లో బ్రిస్టల్ బృందం మాసివ్ ఎటాక్ ‘అన్‌ఫినిష్డ్ సింపథీ’ పాటకి ముందు సింథసైజర్ తీగలే అనుకున్నారు. మనసుకి సరిపోలేదు. విల్ మలోన్ చేత కూర్పు రాయించి అసలు వాద్యబృందంతోనే వాయింపించారు. పరువు కోసం చేసిన పని కాదది. వాళ్లకి ఆ మోత కావాలి, అంతే.

ఇక నాకు ప్రాణమైన సంగతి ఒకటుంది. దాని గురించి ఎంతసేపైనా మాట్లాడతాను. అది కాలం. హౌస్ పాట నిమిషానికి దాదాపు 125 దెబ్బల మీద నడుస్తుంది. అంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య అరసెకను కూడా లేదు, 0.48 సెకను. దాన్ని నాలుగు చేస్తే 0.12. డాన్స్ పాట ఊపంతా ఆ నాలుగో వంతుల్లోనే ఉంటుంది. శబ్దమేమో సెకనుకి సుమారు 340 మీటర్లే పోతుంది. వేదిక ఈ చివర వయొలిన్‌కీ ఆ చివర డబుల్ బేస్‌కీ మధ్య పదిహేను మీటర్లుంటే, ఒకరి మోత ఇంకొకరి చెవిని చేరేసరికి 0.044 సెకను గడిచిపోతుంది. నాలుగో వంతులో మూడో వంతు దారిలోనే కరిగిపోయిందన్నమాట! అది చాలదన్నట్టు డబుల్ బేస్ లావు తీగ కమాను తగిలిన వెంటనే పలకదు, కదలడానికే కొంత వ్యవధి తీసుకుంటుంది. ఆల్బర్ట్ హాలు సంగతి సరేసరి. 1871లో తెరిచిన నాటినుంచీ ప్రతిధ్వనికి పేరుమోసింది. దాన్ని అణచడానికి 1969లో పైకప్పుకి పుట్టగొడుగుల్లాంటి ఫైబర్‌గ్లాస్ పళ్లేలు వేలాడదీయాల్సి వచ్చింది. బీథోవెన్‌ని వాయించేటప్పుడు బృందమంతా కలిసి ఒక్క ఊపిరి ఆగి సాగితే అందం. ఇక్కడ ఆగడానికి లేదు, యంత్రం ఎవరికోసమూ ఆగదు. అందుకే చెవుల్లో క్లిక్ ట్రాక్ పెట్టుకుంటారు. పక్కవాడి మోతని నమ్మకుండా, చెవిలో టిక్కుమనే చుక్కని నమ్మి, అయినా పక్కవాడితో కలిసి పలకాలి. చేతనైతే తప్ప కుదిరే పనేనా?

సింథసైజర్‌లో ఒక మీట తిప్పితే మసక మోత మెల్లమెల్లగా విచ్చుకుని మెరుపెక్కుతుంది. క్లబ్బులో జనం చేతులు పైకెత్తేది అక్కడే. అదే పని వయొలిన్ మీద చేయాలంటే ఒకే స్వరం మీద కమానుని వేళ్లపలక వైపు నుంచి బ్రిడ్జి వైపు కొద్దికొద్దిగా జరుపుకుంటూ పోవాలి. ముప్పై చేతులు ఒక్కలాగే జరగాలి. ఎనిమిది బార్ల వరుసని యంత్రం వెయ్యిసార్లు తిప్పినా అలసిపోదు. వయోలా వాయించే మనిషికి నాలుగో నిమిషం వచ్చేసరికి భుజం పీకుతుంది. ఆ పట్టుదలా, ఆ శ్రమా మోతలోకి దిగుతాయి. అసలు పాటలో లేనిది, ఆర్కెస్ట్రా తెచ్చేది అదొక్కటే. అది లేకుండా స్పీకర్లలో కిక్ దంచుతుంటే వెనక వయొలిన్లు నాలుగు పొడుగు స్వరాలు పట్టుకుని కూర్చునే కచేరీలంటే నాకు గిట్టదు. అది అలంకారం. టికెట్టు ధర పెంచడానికి తప్ప పనికిరాదు.

ఈ సంగీతంలో మన దేశపు మనిషి కూడా ఉన్నాడు. బొంబాయి సినిమా స్టూడియోల్లో వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ యంత్రాలు ముందేసుకుని పది రాగాల్ని డిస్కో దెబ్బ మీద వాయించి రికార్డు తెచ్చాడు. షికాగోలో హౌస్ నుంచి ఆసిడ్ హౌస్ అనే శాఖ పుట్టడానికి దాదాపు అయిదేళ్ల ముందు మాట. అప్పట్లో పట్టించుకున్న నాథుడు లేడు. 2010లో మళ్లీ విడుదలయ్యాక లోకం నోరు వెళ్లబెట్టింది. స్టూడియో వాద్యకారుడి బతుకు ఎక్కడైనా అంతే. మద్రాసులో మన తెలుగు పాటలు రికార్డయ్యే రోజుల్లో వరసలు వరసలుగా కూర్చుని వాయించిన వయొలిన్ వాళ్ల పేర్లు ఎన్ని క్యాసెట్ల మీద చూశాం?

మా ఊళ్లో వినాయక చవితి పందిట్లో ఆర్కెస్ట్రా కట్టేవాళ్లు. అందులో వయొలిన్ వాయించే మాస్టారు ఒకరుండేవారు. పగలు బడిలో లెక్కలు చెప్పి, రాత్రి పందిట్లో చరణానికి ముందొచ్చే బిట్టుని, మద్రాసులో అంతమంది కలిసి వాయించినదాన్ని, ఒక్కచేత్తో పలికించేవారు. స్వరం రాసిన కాగితం ఉండేది కాదు, రేడియోలో విని పట్టుకోవడమే. ఆ బిట్టు రాగానే వెనక వరసల్లో చుట్టలు కాల్చుకునే రైతులు కూడా మాట ఆపేసేవారు. ఒక ఏడు కీబోర్డు వచ్చింది. ఇందులో వంద వయొలిన్లు ఉన్నాయి, ఇంక మాస్టారెందుకన్నారు కమిటీ పెద్దలు. ఆయనకిచ్చే నూట యాభై రూపాయలు మిగిలాయి. ఆ ఏడు ఆయన జనంలో కూర్చుని కచేరీ అంతా విన్నారు, చివరిదాకా. ఆ రాత్రి మా ఊరి పెద్దల మీద కలిగిన కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

కీబోర్డు మీద నాకు కోపం లేదు. షికాగోలో యంత్రం ఏమీ లేనివాడి చేతికి ఆర్కెస్ట్రా ఇచ్చింది. మా పందిట్లో అదే యంత్రాన్ని చూపించి, చేతిలో విద్య ఉన్నవాడిని ఇంటికి పంపారు. తప్పు యంత్రానిది కాదు, లెక్క చూసినవాళ్లది.

మీ ఇంట్లో పెళ్లి కుదిరితే డీజేని వద్దనకండి. పిల్లలు ఆడాలి, మీరూ ఆడండి. ఆ డీజే పక్కన మీ ఊరి వయొలిన్ మాస్టారికో, క్లారినెట్ ఆయనకో ఒక కుర్చీ వేయించండి. కలిసి సాధన చేసుకోవడానికి రెండు రోజుల వ్యవధి ఇవ్వండి, డీజేకి ఎంతిస్తే ఆయనకీ అంత ఇవ్వండి. శుభలేఖలో ఆయన పేరు వేయించండి.