అతుకు

నేను ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న రోజులవి. అది 1994వ సంవత్సరం. సికింద్రాబాదులోని మా కళాశాలలో ఎన్.సి.సి. వైమానిక విభాగంలో నేనొక కేడెట్‌ను. కవాతుతో పాటు నమూనా విమానాల నిర్మాణం కూడా ఆ విభాగంలో నేర్పేవారు. రేడియో తరంగాల సాయంతో నేలమీదినుంచి నడిపే నమూనా విమానం ఒకటి మా బృందానికి ఉండేది. ఒక కొసనుంచి మరొక కొసకు 5 అడుగులుండే పసుపుపచ్చని రెక్కలు, ముక్కున ఆరున్నర సి.సి. ఇంజన్. మాకంటే ముందు చదివినవారు నాలుగు నెలలు శ్రమించి దానిని నిర్మించారు. నేను దానిని అర నిమిషంలో నేలకూల్చాను.

విమానం మననుంచి దూరంగా పోతున్నంతసేపు దాని కుడి మన కుడే, దాని ఎడమ మన ఎడమే. అది వెనుదిరిగి మనవైపు వస్తున్నప్పుడు మాత్రం, ఎదురుగా నిలిచిన మనిషి కుడిచేయి మనకు ఎడమవైపు కనిపించినట్లుగా, అంతా తారుమారవుతుంది. అప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో ట్రాన్స్‌మిటర్ మీది పుల్లను ఆ వైపుకే నెట్టాలి. ఈ సూత్రం నాకు కంఠస్థమే. కాని విమానం నావైపు ఒరిగి దూసుకువస్తుంటే కంఠస్థమైన విద్య చేతివేళ్లదాకా రాలేదు. “ఇటివ్వు” అని మా శిక్షకులు రెండుసార్లు చేయి చాచారు. ఇంకొక్క క్షణంలో సరిదిద్దగలనన్న అహంకారంతో నేను భుజం అటు తిప్పుకొన్నాను. ఆ క్షణంలోనే అది ముక్కు కిందికి పెట్టి ఎర్రమట్టిలో కూరుకుపోయింది.

నన్ను ఎవరూ తిట్టలేదు. అదే ఎక్కువ బాధించింది. మా శిక్షకులు ఒక దుప్పటి పరిపించి, అందరినీ వరుసగా నిలబెట్టి, గడ్డిలో పడిన ప్రతి ముక్కనూ ఏరించారు. చీపురుపుల్లంత పేళ్లను కూడా వదలనివ్వలేదు. “విరిగిన ముక్కే దాని కొలత. ముక్క పారేస్తే కొలత పారేసినట్టే” అన్నారు. దుప్పటి మూటగట్టి నా చేతికిచ్చి, “నెల రోజుల్లో ఎగరాలి” అని మాత్రం చెప్పారు.

మా నాన్న వడ్రంగి. గోదావరి జిల్లానుంచి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చి సికింద్రాబాదులో స్థిరపడినవారు. టేకు, వేప, మద్ది తప్ప మరొక కలప వైపు కన్నెత్తి చూడని మనిషి. మూట విప్పి ఒక ముక్కను చేతిలోకి తీసుకొని, బరువు చూసి, గోటితో నొక్కి చూశారు. గోరు సులువుగా దిగింది.

“ఇది కర్రా, దూదా?” అన్నారు.

అది బాల్సా. దక్షిణ అమెరికా ఖండపు అడవుల్లో పెరిగే చెట్టు. ఆ కలపలో ఎక్కువభాగం ఈక్వెడార్ దేశంనుంచి వస్తుంది. ఘనమీటరు నీరు 1,000 కిలోలుంటే ఈ కలప సుమారు 160 కిలోలు మాత్రమే ఉంటుంది. అంత తేలికైనా తన బరువుతో పోల్చుకుంటే దానికున్న బలం ఆశ్చర్యం కలిగిస్తుంది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో బ్రిటన్ నిర్మించిన మస్కిటో విమానపు దేహంలో రెండు ప్లైవుడ్ పొరల నడుమ బాల్సానే పెట్టారు. ఈ సంగతి చెప్పినప్పుడు నాన్న ఆ ముక్కను మరొకసారి, ఈసారి కొంత మర్యాదగా, తిప్పి చూశారు.

రెక్కలో ఈ కొసనుంచి ఆ కొసదాకా సాగే బద్దను స్పార్ అంటారు. మనిషికి వెన్నెముక ఎలాంటిదో రెక్కకు అది అలాంటిది. మా విమానపు ఎడమ రెక్కలో ఆ బద్ద విరిగింది. విరిగిన కొసలను ఎదురెదురుగా పెట్టి, జిగురు దట్టించి, పైన మరొక పుల్ల కట్టేస్తే సరిపోతుందని నేననుకొన్నాను. నాన్న ఒప్పుకోలేదు. ఎదురెదురుగా పెట్టిన అతుకు జిగురుమీద బ్రతుకుతుందనీ, ఏటవాలుగా కోసి ఒకదానిపై మరొకటి ఆన్చిన అతుకు కర్రమీద బ్రతుకుతుందనీ ఆయన వాదన. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు. అయితే మనుషులను మోసే కొయ్య విమానాల మరమ్మతులో కూడా బద్ద మందానికి 10 నుంచి 12 రెట్ల పొడవున ఏటవాలు అతుకు వేస్తారని తరువాత నేను చదివి తెలుసుకొన్నాను. పావు అంగుళం బద్దకు మేము వేసిన అతుకు పొడవు 3 అంగుళాలు. దానికి పట్టిన సమయం ఒక ఆదివారం పగలంతా. టేకుకు అలవాటుపడిన ఉలి బాల్సామీద అదుపు తప్పుతుంటే నాన్న దానిని పక్కన పెట్టి, కొత్త బ్లేడుతోనూ గరుకు కాగితంతోనూ పని నడిపించారు.

ముక్కుభాగం మరొక విధంగా ఇబ్బంది పెట్టింది. ఇంజన్‌ను బిగించే ప్లైవుడ్ పలక ఊడిపోయింది. జిగురు ఎంత రాసినా మరునాటికి పెచ్చులా లేచివచ్చేది. కారణం ఆముదం! ఆ ఇంజన్ ఇంధనంలో మిథనాల్‌తో పాటు కందెనగా ఆముదం కలుపుతారు. రెండేళ్లుగా పొగతో పాటు వెలువడిన ఆముదం ఆ కర్రలోకి ఇంకిపోయింది. నూనె తాగిన కర్ర జిగురు తాగదు. స్పిరిట్‌తో తుడవడం, సుద్దపొడి అద్దడం, అది నూనె పీల్చుకోగానే దులిపి మళ్లీ అద్దడం, ఇలా నాలుగు రోజులు గడిచాయి. ఇల్లంతా ఆముదం వాసన నిండి, ఎవరికైనా కడుపునొప్పి వచ్చిందా అని పొరుగింటి పెద్దమ్మగారు అడిగిపోయారు.

తోక దగ్గర ఒక చిన్న పగులు ఉంది. అక్కడ కాస్త ధారాళంగా జిగురు పోయబోతుంటే నాకే ఒక లెక్క గుర్తుకొచ్చింది. విమానం గరిమనాభి రెక్క వెడల్పులో ముందు అంచునుంచి నాలుగవ వంతుకూ మూడవ వంతుకూ నడుమ ఉండాలి. తోక అక్కడికి చాలా దూరం, ముక్కు దగ్గర. తోకలో ఒక గ్రాము పెరిగితే సమతూకం కోసం ముక్కులో రెండు, మూడు గ్రాములు చేర్చవలసివస్తుంది. తరాజులో చివరన కూర్చున్న పిల్లవాడు నడుమనున్న పెద్దవాణ్ణి లేపినట్లన్నమాట. అందువల్ల తోకకు పట్టిన జిగురు చీమతలంత మాత్రమే.

రెక్కకు కొత్త పొరను ఇస్త్రీపెట్టెతో అతికించడంతో పని పూర్తయిందని అనుకొన్నాను. మిగిలింది ప్రొపెల్లర్. 10 అంగుళాల నైలాన్ ప్రొపెల్లర్ అది. చూడటానికి చెక్కుచెదరలేదు. కాని మట్టి కడుగుతున్నప్పుడు, నడిమి గుండుకు దగ్గరగా వెంట్రుకంత చీలిక నా గోటికి తగిలింది. కొత్తది కొనాలంటే నా చేతిఖర్చు డబ్బులు చాలవు. నాన్నను అడగడానికి మనసొప్పలేదు. అప్పటికే ఆయన రెండు ఆదివారాల కూలిపని నా కోసం వదులుకొన్నారు. చీలికలో వెంటనే పట్టే జిగురు చుక్క వేసి, పైన నున్నగా రుద్ది, నల్లరంగు పూశాను. నాన్నకు కూడా చెప్పలేదు.

గడువునాటికి విమానంతో మైదానానికి వెళ్లాను. మా శిక్షకులు రెక్కను రెండు చేతులా పట్టి వంచి చూశారు. అతుకుమీద బొటనవేలు ఆనించి, “ఎవరు వేశారు?” అని అడిగారు. మా నాన్నగారని చెప్పాను. తల పంకించారు. తరువాత ప్రొపెల్లర్ దగ్గరికి వచ్చారు.

“కొత్తదా?”

“పాతదే సార్. దానికేమీ కాలేదు.”

ఆయన ఒక రేకును వేళ్లతో పట్టి మెల్లగా వెనక్కి వంచారు. నల్లరంగు కింద సన్నని తెల్లగీత మెరిసింది. ఆయన కోప్పడలేదు. జేబులోని పెన్సిలు, చిన్న పుస్తకం తీసి ఇచ్చి లెక్క వేయమన్నారు. వ్యాసం 25.4 సెంటీమీటర్లు కాబట్టి చుట్టుకొలత దాదాపు 80 సెంటీమీటర్లు. నిమిషానికి 10,000 చుట్లు. అంటే రేకు కొస సెకనుకు సుమారు 133 మీటర్లు, గంటకు సుమారు 480 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. “ఇక వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగించు” అన్నారు. భౌతికశాస్త్రం పరీక్షలో అదే లెక్కకు మార్కులు తెచ్చుకొన్నవాణ్ణి. జవాబు వచ్చాక మాత్రం పెన్సిలు ఆగిపోయింది. కొసనున్న పదార్థంలో ఒక్కొక్క గ్రాము సుమారు 14 కిలోల బరువంత బలంతో బయటికి పీక్కుపోవాలని చూస్తుంది. దానిని ఆపవలసింది నేను వేసిన జిగురు చుక్క.

“ఇంజన్ మొదలుపెట్టేటప్పుడు గ్లోప్లగ్‌కు బ్యాటరీ తగిలించేది ఎవరు?” అని అడిగారు.

నేను బదులు చెప్పేలోపలే మొదటి సంవత్సరం కుర్రవాడొకడు, తనను పిలిచారనుకొని, బ్యాటరీతో పరుగెత్తుకొని వచ్చి రోజూ కూర్చునే చోట మోకాళ్లమీద కూర్చున్నాడు. అతని ముఖానికీ ప్రొపెల్లర్‌కూ నడుమ మూరెడు దూరం కూడా లేదు. నావైపు చూసి నవ్వాడు. ఎందుకు నవ్వాడో ఇప్పటికీ నాకు తెలియదు. బహుశా విమానం మళ్లీ ఎగరబోతున్నందుకేమో.

“నేనే అతికించాను సార్” అన్నాను. అందరికీ వినిపించేలా అనాలని అనుకోలేదు గాని అందరికీ వినిపించింది.

ఆయన పటకారు తెప్పించి, ఆ ప్రొపెల్లర్‌ను నడిమికి కత్తిరించి, మరెవరూ ఏరుకొని వాడకుండా రెండు ముక్కలూ నాకే ఇచ్చారు. “రెక్క అతుకుతారు, దేహం అతుకుతారు. ఇది అతకరు” అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

నేడు ఆముదం తాగే ఇంజన్ల స్థానంలో విద్యుత్ మోటార్లు, బాల్సా స్థానంలో నురుగు పలకలు విరివిగా వచ్చాయి. నురుగు రెక్క విరిగితే పావుగంటలో అతికించి మళ్లీ ఎగరేస్తున్నారు. ఈ సులువు చూస్తే నాకు కొంచెం అసూయ కలుగుతుందని ఒప్పుకోవాలి. అయితే పగిలిన ప్రొపెల్లర్ విషయంలో ఏ మార్పూ రాలేదు. దానిని ఈనాడు కూడా పారేయవలసిందే.

ఆనాడు విమానం ఎగరలేదు. ఇంటికి వచ్చి నాన్నకు అంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “ఇంకేమైనా దాచావా?” అని మాత్రం అడిగారు. లేదనబోయి ఆగిపోయాను. తోక చుక్కానిని కదిలించే సర్వో ఒకచోటికి వచ్చేసరికి చిన్నగా ఉలిక్కిపడేది. రేడియో పాతబడిందని సర్దిచెప్పుకొని ఊరుకొన్నాను. ఆ రాత్రే నాన్న ఎదుట దానిని విప్పి చూస్తే లోపల ఒక పళ్లచక్రానికి పన్ను విరిగి ఉంది. గాలిలో ఆ చోటే పట్టేసి ఉంటే చుక్కాని మాట వినేది కాదు. పళ్లచక్రానికీ ప్రొపెల్లర్‌కూ కలిపి నాన్న డబ్బులిచ్చారు. ఆ సొమ్మును మూడు నెలలపాటు ప్రతి ఆదివారం ఆయన వెంట పనికి వెళ్లి తీర్చాను. చిత్రిక పట్టడం నాకు వచ్చింది అప్పుడే.

కొత్త ప్రొపెల్లర్‌ను సన్నని కడ్డీకి గుచ్చి, అడ్డంగా నిలిపి చూశాను. ఒక రేకు కిందికి దిగింది. బరువైన ఆ రేకును గరుకు కాగితంతో పిసరంత పిసరంత రుద్ది, రెండూ సమంగా నిలిచేదాకా వదలలేదు. పదిహేను రోజుల తరువాత విమానం ఎగిరింది. నడిపింది నేను కాదు, మా శిక్షకులే. బ్యాటరీ తగిలించే పని మాత్రం నేనే అడిగి తీసుకొన్నాను.

మరుసటి ఏడాది నేను డిగ్రీలో చేరాను. ఒకనాటి సాయంత్రం ఆ చిన్నవాడు, అప్పటికి రెండవ సంవత్సరానికి వచ్చాడు, మా ఇంటి గుమ్మంలో దుప్పటి మూటతో తలవంచుకొని నిలబడ్డాడు. పసుపుపచ్చని రెక్క మళ్లీ విరిగింది. నాన్న మూట విప్పి రెక్కను దీపం కిందికి తెచ్చి చూశారు. అది విరిగింది ఆయన వేసిన అతుకుకు నాలుగు అంగుళాల అవతల. అతుకు అలాగే ఉంది.

నాన్న దానిమీద బొటనవేలు ఒకసారి నడిపి, “ముక్కలన్నీ తెచ్చావా?” అని ఆ కుర్రవాణ్ణి అడిగి, కొత్త బ్లేడు కోసం నావైపు చేయి చాచారు.