బెరడులోంచి అర గ్రాము

రాలీ, నార్త్ కరోలినా

బాబాయ్,

రాలీ, డర్హమ్, చాపెల్ హిల్ ఊళ్ల మధ్య పైన్ చెట్లలో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ ఉంది. పక్కనున్న కేరీ, మోరిస్‌విల్‌లలో ఇడ్లీ పిండి ఎక్కడ దొరుకుతుందో తెలుగులోనే అడగొచ్చు. రసాయన శాస్త్రవేత్తలు మన్రో వాల్, మన్‌సుఖ్ వాణీ పనిచేసింది ఈ పార్కులోనే. యూ చెట్టు నుంచి టాక్సాల్, అంటే మీరెరిగిన కేన్సర్ మందు పాక్లిటాక్సెల్ తీసి, 1971లో దాని నిర్మాణం ప్రకటించారు. 12 కిలోల ఎండు బెరడు, కాండానికి అర గ్రాము. మీ జీడిమెట్ల ప్లాంటులో ఇలాంటి యీల్డ్ చూపిస్తే మేనేజరు ఊరుకుంటాడా!

ఆ మందుకి సెఫాలోమానిన్ అనే మొండి తోడు ఉంది. రెండిటికీ తేడా పక్క గొలుసు చివర మాత్రమే. టాక్సాల్‌కి అక్కడ ఒక బెంజీన్ వలయం ఉంటుంది, దీనికి ఉండదు. వేరుచేయడానికి వాడే సీ18 క్రోమటోగ్రఫీ కాలమ్ మీద రెండూ దగ్గరదగ్గరగా దిగుతాయి. లోడ్ పెంచారా, పీకులు కలిసిపోతాయి.

చాపెల్ హిల్

ఇలా ఒక కాలమ్‌తో తేలనప్పుడు రెండోది కలపొచ్చు. ఈ ఊరి యూనివర్సిటీలో మిషెల్ బుషీ, జేమ్స్ జోర్గెన్సన్ 1990లో రెండు కాలమ్‌లను వాల్వుతో కలిపి ప్రొటీన్లను వేరుచేశారు. మొదటిది విద్యుదావేశాన్ని బట్టి, రెండోది పరిమాణాన్ని బట్టి. మొదటి దాంట్లోంచి దిగినదంతా వరుసగా రెండో దాంట్లోకి వెళ్లేది.

ఒక్క మందును శుద్ధి చేయడానికి అంత హంగామా అక్కర్లేదు. కావలసిన పీక్‌ను కోసి పంపితే చాలు. కానీ రెండోదీ సీ18 అయితే అదే జల్లెడ మళ్లీ పట్టినట్టే. పెంటాఫ్లోరోఫినైల్ కాలమ్ పెడితే అది టాక్సాల్‌లోని అదనపు వలయాన్ని పసిగడుతుంది, జంట విడిపోతుంది.

అసలు చిక్కు మధ్య దారిలో. కోసిన భాగంలో అసిటోనైట్రైల్ ఎక్కువ. దాన్ని అలాగే పెద్ద మొత్తంలో ఎక్కిస్తే మందు రెండో కాలమ్ తలలో నిలవదు, పీక్ పరుచుకుపోతుంది. అందుకే కాలమ్ ముందర నీళ్లు కలుపుతారు. ఎక్కువ కలిపితే ఇంకో తలనొప్పి: టాక్సాల్ నీళ్లలో కరగదు కాబట్టి ట్యూబులోనే పేరుకుని ప్రెజర్ ఎక్కుతుంది. ఈ పాళ్లు కుదరడానికే రోజులు పడతాయి, కాలమ్ ఎంపిక దాని ముందు సులువే.

ఇక కోత. పీక్ నడుమ మాత్రమే తీస్తే ప్యూరిటీ దక్కుతుంది, సరుకు పోతుంది. వెడల్పుగా తీస్తే తోడు మళ్లీ వస్తుంది. భుజాల దగ్గరి ఫ్రాక్షన్లను మాత్రం పారబోయకుండా దాచి, తర్వాతి బ్యాచ్‌తో మళ్లీ లోడ్ చేయొచ్చు.