మసిగుడ్డ అల్లిన సెలవులు

షాబాన్ మాసంలో మదరసాకు వార్షిక సెలవులు ఇచ్చిన మూడవ రోజున మా శ్రీమతి అరచేయి కాలింది. అన్నం గిన్నె దించడానికి ఆమె పట్టుకున్న మసిగుడ్డ పలుచనిది, పైగా తడిసి ఉంది. తడిగుడ్డ గుండా వేడి ఇట్టే చేతికి చేరుతుంది. 30 ఏళ్లుగా ఆ అన్నం తింటున్నాము గాని, గిన్నె దించే చేతిని గురించి ఎన్నడూ ఆలోచించలేదు. దైవప్రవక్త (స) ఇంటిపనుల్లో కుటుంబానికి తోడ్పడేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలిపిన హదీసును మాత్రం ఏటా విద్యార్థులకు బోధిస్తూనే ఉన్నాము.

అప్పుడు మా పెద్దమ్మాయి పుట్టింటికి వచ్చి ఉంది. ఆమె మెట్టినిల్లు నరసాపురం. అక్కడి లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇరుగుపొరుగు స్త్రీల వద్ద తానూ ఆ పని నేర్చుకుంది. "మందపాటి మసిగుడ్డ ఒకటి అల్లి పెట్టు బేటీ" అన్నాము. "మీరే అల్లండి అబ్బా, నేను నేర్పుతాను" అని నవ్వింది. యాభై దాటిన వయసులో శిష్యులమై కూర్చున్నాము.

మసిగుడ్డకు నూలుదారమే వాడాలన్నది తొలిపాఠం. యాక్రిలిక్ దారం వేడికి కరిగిపోతుంది. లేసుకు వాడే సన్నదారం కాక మందపాటి నూలు, 4 మిల్లీమీటర్ల కొక్కెపు సూది తెప్పించింది. మొదట 28 గొలుసు కుట్లు వేయాలి. సూదికి దగ్గరి కుట్టును వదిలి, రెండవ దాని నుండి వెనక్కి అల్లుకుంటూ వస్తే వరుసకు 27 కుట్లు వస్తాయి. వరుస ముగిశాక ఒక గొలుసు కుట్టు వేసి, పనిని తిప్పి, మళ్లీ 27. వినడానికి ఇంతే. మేము రోజూ ధరించే టోపీ కూడా ఇటువంటి కుట్లతోనే అల్లినదని ఆనాడే గమనించాము.

మా గొలుసు ఎంత బిగిసిందంటే సూది మొన దూరలేదు. "అబ్బా, దారాన్ని అంతగా బిగించకండి. తరువాతి కుట్టుకు చోటుండాలి" అని అమ్మాయి హెచ్చరించింది. విప్పి మళ్లీ మొదలుపెట్టాము. 12 వరుసలయ్యాక చూస్తే, చతురస్రం కావలసినది పైకి పోయేకొద్దీ సన్నబడి మిహ్రాబులా తయారైంది. లెక్కిస్తే 21 కుట్లే ఉన్నాయి. వరుస చివరి కుట్టు అంచులో దాగి ఉంటుంది. దానిని మేము ఆరుసార్లు వదిలేశాము. అమ్మాయి విసుక్కోలేదు. "మరొకసారి చూపిస్తాను" అంటూ, వరుసలోని మొదటి కుట్టుకు ఎర్రదారపు ముక్కను గుర్తుగా తగిలించింది. తిరిగి వచ్చేటప్పుడు ఆఖరి కుట్టు అదే. నేర్చుకోదలచిన సోదరీమణులు ఈ గుర్తును మరువరాదు, ప్రతి వరుస చివరా కుట్లు లెక్కించుకోవాలి.

"మరొకసారి" అన్న ఆ మాట మమ్మల్ని గుచ్చింది. సెలవులకు వారం ముందు ఎనిమిదేళ్ల పిల్లవాడొకడు సీన్‌కు, సాద్‌కు తేడా పలకలేక తడబడ్డాడు. "ఎన్నిసార్లు చెప్పాలి? నీకు చదువు రాదు" అన్నాము, తరగతి అంతా వింటుండగా. తోటి పిల్లలు నవ్వారు. మరునాటి నుండి వాడు రాలేదు. మేము పట్టించుకోనూ లేదు.

12 వరుసలనూ విప్పుతుంటే అన్-నహ్ల్ సూరాలోని ఉపమానం మనసుకు వచ్చింది: గట్టిగా వడికిన నూలును తానే విప్పివేసుకున్న స్త్రీ. ఒడంబడికలను భంగపరచడాన్ని గురించిన ఆ ఆయతును ఎన్నోమార్లు వివరించి ఉన్నాము. ఒక తల్లి తన కొడుకును మాకు అప్పగించిననాడు మేము ఒప్పుకున్నదీ ఒడంబడికే కదా! మా చేతిలోని దారం చెడలేదు, చుట్టి మళ్లీ అల్లవచ్చు. ఏడాదిపాటు వాడిలో పోగుచేసిన ధైర్యాన్ని ఒక్క మాటతో విప్పివేశామే, దాని సంగతేమిటి?

ఆనాటి అస్ర్ నమాజు అనంతరం వాడి ఇంటికి వెళ్లాము. "వీడేమైనా తప్పు చేశాడా మౌల్వీ సాబ్?" అని తల్లి తలుపు చాటు నుండి అడిగింది. "వాడు కాదమ్మా, మేము చేశాము" అన్నాము. వాడు బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక మా 12 వరుసల కథ చెప్పాము. వాడు నవ్వలేదు గాని, "మళ్లీ అల్లారా?" అని అడిగాడు.

మళ్లీ అల్లాము. ఒకే పొర అయితే కుట్ల సందుల నుండి వేడి తగులుతుంది గనుక రెండు చతురస్రాలు అల్లి అంచులు కలిపాము. మేకుకు తగిలించుకునేందుకు మూలన ఒక ఉచ్చు వేశాము. ఒక పక్క కాస్త వంకరే. అయినా మా శ్రీమతి రోజూ దానితోనే గిన్నె దించుతుంది.

షవ్వాల్‌లో మదరసా తెరిచారు. వాడు వచ్చాడు. సీన్ చక్కగా పలికాడు. సాద్ వద్ద ఆగి మా ముఖం వైపు చూశాడు.

"మరొకసారి చదువుదాం" అన్నాము.