ఉమర్ ఖాలిదీ సాబ్ లెక్కలు

మన రాజమండ్రి ముస్లిం ఇళ్లలో పోలీస్ యాక్షన్ గురించి పెద్దగా మాటలు వినపడవు. గోదావరి జిల్లాలు అప్పుడు మదరాసు రాష్ట్రంలో ఉన్నాయి కదా. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యంలో ఒక దండు బెజవాడ వైపు నుంచే బయల్దేరి సూర్యాపేట మీదుగా వెళ్లినా, మనవాళ్లకది అఖ్బార్‌లో ఖబర్. మా నానీమా మాత్రం నల్గొండ వైపు నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చింది. అడిగితే "సుఖూత్ కే బాద్..." అని మొదలుపెట్టి, పాన్‌దాన్ మూత వేసేసేది.

ఆ ఖామోషీ వెనక ఏముందో నాకు ఉమర్ ఖాలిదీ పుస్తకాల వల్ల తెలిసింది. మర్హూమ్ ఖాలిదీ సాబ్ హైదరాబాదీ. అమెరికాలో ఎం.ఐ.టి.లో ఇస్లామీ వాస్తుకళ విభాగంలో లైబ్రరీ పని చూసేవారు. రిజ్క్ అందులో, తహ్కీక్ దాని పక్కన. ఒక రియాసత్ కూలాక కొత్త హుకూమత్ ఎలా నిలబడింది, పాత ఫౌజ్, పాత ములాజిమ్‌లు ఏమైపోయారు? 'హైదరాబాద్: ఆఫ్టర్ ద ఫాల్' అని 1988లో ఆయన తెచ్చిన సంకలనం ఈ సవాళ్ల చుట్టూనే తిరుగుతుంది.

యాక్షన్ తర్వాత నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీలో 'లైలా కే ఖుతూత్' రాసిన ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ కూడా ఉన్నారు. తక్కువలో తక్కువ వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల ప్రాణాలు పోయాయని వాళ్లు రాశారు. ఆ రిపోర్టు దశాబ్దాలు తాళంలోనే ఉండి, 2013లో ఢిల్లీ నెహ్రూ మెమోరియల్‌లో చూడ్డానికి దొరికింది. ఖాలిదీ సాబ్ 2010లోనే ఇంతికాల్ అయ్యారు.

2003లో వచ్చిన ఆయన 'ఖాకీ' పుస్తకం ఇంకా ముక్కుసూటిది. పోలీసుల్లో, పారామిలటరీలో, ఫౌజ్‌లో ఏ ఖౌమ్ వాళ్లు ఎంతమంది, ఫసాదుల్లో ఆ దళాలు ఎలా నడుచుకున్నాయి అని అడిగారు. మనం చాయ్ దగ్గర గొణుక్కునే మాటని ఆయన అంకెల్లో పెట్టారు. హైదరాబాద్ మీద ఆయన ముహబ్బత్ నాకు అక్కడక్కడా ఎక్కువనిపిస్తుంది. రజాకార్ల జుల్మ్‌ని కూడా అదే తరాజులో తూచాలి మరి.

ఇప్పుడు నా భాంజీ ఈ మైదానంలోనే పీహెచ్‌డీ చేస్తానంటోంది. "పోలీసుల మీద రీసెర్చా? బీఈడీ చేసి డీఎస్సీ రాయమను" అంటారు బావగారు. ఆయన ఫికర్‌ని కొట్టిపారేయలేను. ఇంట్లో ఒకటే జీతం. ఖాలిదీ సాబ్‌లా నౌకరీ చేస్తూనే రాసుకోవచ్చు కదమ్మా అన్నాను.

"ఆయనకి ఎం.ఐ.టి. లైబ్రరీ ఉంది మామూ. నాకు?"

ఇక్కడ గౌతమీ గ్రంథాలయం ఉంది. కానీ నిజాం కాలం దఫ్తర్లు హైదరాబాద్ తార్నాక ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, చాలావరకు ఉర్దూ, ఫార్సీల్లో. మన పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, కాగితం ఇస్తే తెల్లమొహం వేస్తారు. అందుకే రోజూ అసర్ తర్వాత గంటసేపు అలిఫ్ బే చెబుతున్నాను. అచ్చు అక్షరం కూడబలుక్కుని చదివేస్తోంది. చేతిరాత శికస్తా దగ్గర ఆగిపోతోంది. అది నాకూ సరిగా రాదు, నేర్పే ఉస్తాద్ కోసం వెతుకుతున్నాం. బావగారు ఇంకా హా అనలేదు.