కాపురం చక్కదిద్దడానికీ లైసెన్సు

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు మన పెద్దలు. ఆ పెళ్ళి గాడి తప్పితే చక్కదిద్దేదెవరో చెప్పలేదు. మేనమామో, ఊరి పెద్దమనిషో ఉంటాడులే అన్న ధైర్యం కాబోలు. మన ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు పొడుగునా చీరలు, నగలు, ఆవకాయ అన్నీ దొరుకుతాయి గాని మేనమామ దొరకడు. అందుకని ఏ పిక్నిక్కులోనో మా బోటి వైద్యుల్ని పక్కకి పిలిచి, “మీరు కాస్త మావాడికి చెప్పండి డాక్టరుగారూ” అంటారు. బి.పి. చూసే చెయ్యి కాపురాన్నీ చూడగలదని మనవాళ్ళ నమ్మకం.

ఈ దేశంలో ఆ పనికీ ఒక చదువుంది, లైసెన్సుంది. 1963లో కాలిఫోర్నియా మొదలుపెట్టింది. 1966లో మిషిగన్, 1968లో మన న్యూజెర్సీ చట్టాలు చేశాయి. 2009లో మోంటానాతో యాభై రాష్ట్రాలూ పూర్తయ్యాయి. మ్యారేజ్ అండ్ ఫామిలీ థెరపిస్టు కావాలంటే ఇక్కడ మాస్టర్సు డిగ్రీ ఉండాలి, కొన్నేళ్ళు అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచెయ్యాలి, పరీక్ష ప్యాసవాలి. ఏ రాష్ట్రం లైసెన్సు ఆ రాష్ట్రానిదే.

ఇదంతా మా వైద్యులకు కొత్త కాదు. అక్కడ ఎం.బి.బి.ఎస్. ముగించి వచ్చినా ఇక్కడ మళ్ళీ పరీక్షలు, రెసిడెన్సీ, ఆపైన రాష్ట్రం లైసెన్సు. విసుక్కుంటూనే అన్నీ చేశాం. దంపతులకు సలహా చెప్పడానికి మాత్రం మాకు ఈ రెండో లైసెన్సు అక్కర్లేదు. వైద్యులు, లాయర్లు, మతాచార్యులు తమ వృత్తి పరిధిలో చెప్పవచ్చు, ఆ బిరుదు పెట్టుకోకుండా ఉంటే చాలునంటుంది చట్టం. అయితే చెప్పే హక్కు ఉండడం వేరు, చెప్పడం నేర్చుకుని ఉండడం వేరు.

ఒక అమ్మాయి మాతో మాట్లాడబోతూ ఆగి, “మీకు చెబితే ఇంకెవరికీ తెలియదు గదా?” అని అడిగింది. మేం నోరు విప్పం, నిజమే. కాని వచ్చే శనివారం ఆమె భర్త పక్కనే కూర్చుని భోంచేసేదీ మేమే. మా మొహం చూస్తే చాలు, అతనికి అర్థమైపోతుంది. ఇంటిగుట్టు లంకకు చేటని మనకి ఉగ్గుపాలతో నేర్పారు. ఆ భయంతోనే బయటివారి దగ్గరకు పోము. నిజానికి ఆ భయమున్నవారే లైసెన్సున్న మనిషి దగ్గరకు వెళ్ళాలి. థెరపిస్టుకు చెప్పిన మాట గోప్యమని న్యూజెర్సీ చట్టంలోనే రాశారు. ప్రాణాపాయం, పసిపిల్లల మీద హింస వంటివి వేరు సంగతి. థెరపిస్టు మాట తప్పితే ఫిర్యాదు చెయ్యడానికి నెవార్కులో బోర్డుంది. పెద్దమనిషి మాట తప్పితే ఎవరికి చెప్పుకుంటాం?

పెద్దమనుషులు చాలామంది చెప్పేది ఒకే మాట: “సర్దుకుపో అమ్మా.” ఆ మాట ఎక్కువగా ఆడపిల్లకే చెబుతారు. చెయ్యి చేసుకునే ఇంట్లో అది సలహా కాదు, ప్రమాదం. అక్కడ ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టడమూ తగదు. అటువంటి స్త్రీల కోసమే 1985లో న్యూజెర్సీలో ‘మానవి’ సంస్థ పుట్టింది.

ఇక లైసెన్సు ఇవ్వలేనిది ఒకటుంది, మన భాష. అత్తగారి అలక, ఆడపడుచు లాంఛనం ఇంగ్లీషులో వివరించేసరికి గంట గడిచిపోతుంది, ఏడుపు మాత్రం మిగిలిపోతుంది. తెలుగు తెలిసిన థెరపిస్టులు కొద్దిమంది. ఎందుకుంటారు? పిల్ల ఆ చదువు చదువుతానంటే “అదేం చదువు? మెడిసిన్ రాదా?” అనేది మనమే.

మా మనవి రెండే మాటలు. కాపురం గురించి ఎవరి దగ్గరకైనా వెళ్ళేముందు వారి లైసెన్సు సంగతి రాష్ట్ర కన్స్యూమర్ అఫైర్స్ శాఖవారి జాబితాలో చూసుకోండి. కాసేపటి పని. మీ ఇంట్లో పిల్లో పిల్లాడో ఈ చదువు చదువుతానంటే అడ్డుపడకండి. మనకిక్కడ మేనమామల కొరత తీర్చేది వాళ్ళే.